ఇరవయ్యో తారీఖు

మెట్ల మలుపు తిరగకముందే వాసన ఎదురొస్తుంది. ముక్కు మూసుకోవద్దు, రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. మొన్నటి నుంచి బకెట్లో నానుతున్న చెనక్కాయ చెక్క అది. మూత తీస్తే పైన నురగ, కింద బుడగలు. అందులోంచి ఒక మగ్గు తీసి పది మగ్గుల నీళ్లలో కలిపి పోస్తే, పాలిపోయిన బీరతీగ వారం తిరక్కుండా ముదురాకుపచ్చకు తిరుగుతుంది. ఈ బాడుగింటి యజమాని, మా ఇంటామెకు మాత్రం ఈ వాసన ఇంకా అలవాటు కాలేదు. అందుకే ఆమె లేవకముందే ఈ పని కానిచ్చేయాలి.

ఇంకా తెల్లారలేదు. తిరుపతిలో, కొర్లగుంటలో, రెండంతస్తుల మిద్దె మీద ఉన్నాం. ఎదురుగా కొండ నల్లగా ఉంది. దాని మీద ఘాట్ రోడ్డు దీపాలు మెలికలు తిరుగుతూ పైకి పోతున్నాయి. వాటి మధ్య కదులుతున్నవి బస్సులు. పక్కింటి వేపచెట్టు కొమ్మ ఒకటి మా పిట్టగోడ దాటి లోపలికి వచ్చింది. అమ్మ నిన్న రాత్రే దాని కింద పాత చీర పరిచిపెట్టింది. ఇప్పుడు ఆ చీర మీదంతా వేపపూత. వంగి వాసన చూడండి, చేదని ఎవరూ అనుకోరు. ఉగాది పచ్చట్లోకి చిటికెడే పట్టింది. మిగతాది ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే ఏడాది పొడుగునా నేతిలో వేయించి చారులో వేసుకోవచ్చు.

నిన్న ఉగాది. రేపు రంజాన్. మధ్యలో ఈ శుక్రవారం, మార్చి 20. ఊళ్లో సగం మందికి ఇది పండగ మర్నాటి బద్ధకం, మిగతా సగానికి పండగ ముందటి హడావిడి. చిన్న చిన్న అంగళ్ల లెక్కలు రాసి బతికే నాలాంటి వాళ్లకు మాత్రం నెలవారీ జీఎస్టీఆర్-3బి రిటర్ను వేయడానికి ఆఖరి రోజు. నిన్న సెలవని పక్కన పెట్టినవన్నీ ఈ పూట మీద పడతాయి.

ఇంకో విశేషం కూడా ఉంది ఈ తేదీకి. పగలూ రాత్రీ ఇంచుమించు సమానంగా ఉండే రోజు ఇది. మా ఊళ్లో పొద్దు పొడిచేది ఆరుంబావుకి కాస్త అటూ ఇటూగా, పొద్దు గూకేది మళ్లీ ఆరుంబావు దాటాక. ఇవాళ్టి నుంచి పగటిదే పైచేయి. ఈ మాట మొక్కలకు మనకంటే ముందే తెలుస్తుంది. అదిగో, ఆ మూల పందిరి మీది చిక్కుడు చూడండి. సంక్రాంతికి వీధంతా పంచిపెట్టేంత కాసిన తీగ. పగలు పొట్టిగా ఉన్నంతకాలం గుత్తులు గుత్తులుగా పూసింది. పగలు పెరిగేకొద్దీ నాటు చిక్కుడు పూత మానేసి ఉత్త ఆకు వేస్తుంది. ఇప్పుడు దాని లేత కొసలకు నల్లగా పేనుబంక, దాని చుట్టూ చీమలు. వేపనూనె కొట్టినా వారానికే మళ్లీ మొదలవుతుంది. పీకేసి ఆ డబ్బాలో గోంగూర చల్లాలి.

"ఇంకా పూత ఉండాది కదమ్మే" అంటుంది అమ్మ, కాఫీ గ్లాసు పట్టుకొని పైకొచ్చి.

"ఎన్ని పూలుండాయి? నాలుగు."

"నాలుగున్నా పూతే కదా. పూసే తీగను పెరుకుతారా ఎవరన్నా?"

పల్లెలో ఎకరాలకెకరాలు చెనక్కాయ పెరికిన చేతులు అవి. మిద్దె మీద ఒక్క చిక్కుడు తీగ దగ్గర మాత్రం ఆగిపోతాయి. విత్తనానికని తీగ మీదే ఎండనిచ్చిన కాయలు నాలుగు ఆమె కొంగులోకి కోసి వేసి, ప్రస్తుతానికి ఆ మాట అక్కడితో వదిలేస్తాను.

కుళాయి నీళ్లు మా వీధికి రోజు విడిచి రోజు వస్తాయి, ఈ రోజు వచ్చే వంతు. డ్రమ్ము నిండేలోపు డబ్బాలన్నీ ఒకసారి చూసి రావాలి. పెయింటు డబ్బాలు, గ్రో బ్యాగులు, చేపల అంగడి వాళ్లు పారేసే థర్మోకోల్ పెట్టెలు. అన్నీ గోడల వెంబడే ఉన్నాయి, నడిమి మిద్దె ఖాళీ. ఏ డబ్బా నేరుగా గచ్చు మీద లేదు, ప్రతిదాని కింద రెండు ఇటుకలు. తడిసిన మట్టి బరువు మొయ్యలేనంతగా పెరుగుతుంది. బరువుకు గోడలూ దూలాలూ ఓర్చుకుంటాయి కానీ నడిమి స్లాబు ఓర్చుకోదు, ఇటుకల కింద గాలి ఆడకపోతే కింది గదిలో చెమ్మ దిగుతుంది. ఈ షరతులన్నీ ఇంటామెవి. ఇల్లు కట్టించిన మనిషి కాబట్టి ఆమె మాటే సరైనది కూడా. మిద్దెతోట అనే మాటను తెలుగునాట ఇంటింటికీ చేర్చిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు కథలు రాసే మనిషి. నాకు అందులో వింతేమీ కనిపించదు. చూడటం అలవాటైన వాళ్లే మొక్కల్ని పెంచగలరు.

చూడటమంటే గుర్తొచ్చింది, ఇలా సొరపందిరి కిందికి రండి. తల కాస్త వంచాలి. జనవరిలో పెట్టిన విత్తనం, ఇప్పుడు పందిరి సగం అల్లుకుంది. ఆకులు వదిలేయండి, ఈ నులితీగను చూడండి. ఒక కొస తీగకు అంటుకొని ఉంది, రెండో కొస పందిరి తాడును పట్టుకుంది. మధ్యలో చుట్టలు చుట్టుకుంది, పాత ల్యాండ్‌లైన్ ఫోను తీగలాగ. ఆ చుట్టల్ని వేలితో మెల్లగా అనుసరించండి. తీగ వైపు నుంచి కొంతదూరం ఒక దిక్కుగా తిరుగుతాయి. నడుమ ఒకచోట చిన్న తిన్నని ముక్క. అక్కడి నుంచి తాడు దాకా అవే చుట్టలు ఎదురు దిక్కుకు తిరుగుతాయి. ఎందుకంటే రెండు కొసలూ కట్టుబడి ఉన్న దారాన్ని ఒకే దిక్కుకు మెలితిప్పడం కుదరదు. ఎంత కుడికి తిరిగితే అంత ఎడమకు తిరగాలి. డార్విన్ తీగమొక్కల మీద రాసినప్పుడు ఈ సంగతి ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. నేను ఇన్నేళ్లు సొరకాయ తిన్నాను కానీ బొమ్మ గీయబోయేదాకా దీన్ని చూడనే లేదు.

ఆ బొమ్మ సంగతికే వస్తున్నా. డ్రమ్ము నిండింది. ఆకాశం తెల్లబడింది. ఇప్పుడు పాల పని.

కిందినుంచి స్టీలు గిన్నెలో అర లీటరు ఎనుముపాలు తెచ్చాను. అమ్మ మొహం చూడకుండా తెచ్చాను, ఎందుకంటే కాఫీకి పోయాల్సిన పాలు గుడ్డకు పోయడం ఆమె లెక్కలో పాపం. కరక్కాయ పొడి నీళ్లలో కలిపి, అందులో పాలు పోసి తిప్పుతున్నాను. మట్టిరంగు తిరిగిన పచ్చటి ద్రవం. గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టిన గాడా గుడ్డను, అంటే ముతక నూలు గుడ్డను, ఇందులో ముంచి, ప్రతి పోగూ తడిసేలా పిసికి, పిండాలి. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా పిండితే ఆరాక మరకలు తేలతాయి. రెండు చేతులూ సమానంగా నొక్కాలి. ఇది కాళహస్తి కలంకారీలో మొదటి మెట్టు. కరక్కాయలో ఉన్న వగరు, రాత్రికి మనం గీసే ఇనుప సిరాను పట్టుకొని నల్లగా మారుస్తుంది. పాలల్లోని కొవ్వు ఆ సిరాను పక్కలకు పాకనివ్వదు. పాలు లేకపోతే గీత గీత కాదు, చారిక అవుతుంది. బందరు వైపు కలంకారీ అచ్చులతో అద్దుతారు. కాళహస్తిది కలం పని, గీత నిలబడకపోతే ఇక్కడ ఏమీ లేదు.

కాళహస్తి మా ఊరికి నలభై కిలోమీటర్ల లోపే. ఆదివారాలు బస్సెక్కి ఒక మాస్టారి దగ్గరకు పోతాను. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుంటే చాలు, సగం చరిత్ర చెవిన పడుతుంది. ఈ పని అంతరించిపోయే దశకు వచ్చినప్పుడు కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకోవడం, 1950లలో అక్కడ శిక్షణ కేంద్రం రావడం, ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ రావడం, ఇవన్నీ ఆయన నిన్న జరిగినట్టు చెబుతారు. నా గీతల గురించి మాత్రం ఏమీ అనరు. గుడ్డ తిప్పి చూసి, పక్కన పెట్టి, టీ తాగమంటారు.

ఎనిమిదైంది. గుడ్డ దండెం మీద ఉంది. పాల తడి ఆరేదాకా ఈగలు, చీమలు, పక్కింటి పిల్లి. కాపలా అమ్మది. "గంటకోసారి తిప్పి వేయమ్మా" అని చెప్పి మెట్లు దిగుతుంటే వెనకనుంచి వినిపిస్తుంది, "గుడ్డకు పాలు, మనకు నీళ్ల కాఫీ."

తిలక్ రోడ్డు మీద మా ఆడిటరు గారి ఆఫీసు. పైన రేకులు, కింద రెండు గదులు. పదింటికే ఫ్యాను గాలి వేడెక్కింది. ఈ వారం నడిమధ్యాహ్నం ఎండ అప్పుడే వైశాఖాన్ని తలపిస్తోంది. నా బల్ల మీద ఒక గుడ్డసంచి ఉంది. గాంధీ రోడ్డులో ఇత్తడి సామాన్ల అంగడాయన నెలనెలా ఇలాగే బిల్లులు పంపిస్తాడు. ఉగాది పూజలో పెట్టి పంపినట్టున్నాడు, సంచి మూతికి పసుపు, లోపల బిల్లులకు కుంకుమ. చెయ్యి పెడితే దీపపు సెమ్మెల బిల్లు ఒకటి, లారీ బాడుగ చీటీ ఒకటి, ఎందుకో ఒక పెళ్లిపత్రిక.

పని తీరు చెబుతాను, విసుగైతే కిటికీలోంచి వీధి చూస్తుండండి. 14వ తేదీన పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి వస్తుంది. మన అంగడాయనకు సరుకు అమ్మిన వాళ్లు ఏమేమి చూపించారో అందులో ఉంటుంది. సంచిలోని కొనుగోళ్ల బిల్లులతో దాన్ని సరిచూడాలి. అందులో లేని బిల్లు మీద పన్ను తగ్గింపు రాదు. అప్పుడు అమ్మినవాడికి ఫోను చేసి "అయ్యా, మా బిల్లు ఎక్కించలేదు" అని బతిమాలాలి. అన్నీ కలిశాక 3బి నింపి, కట్టాల్సింది కట్టి, ఓటీపీతో ముగించాలి. ఈ రోజు దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. యాభై రూపాయలేగా అనిపిస్తుంది. అంగడాయనకు ఆ యాభై కాదు బాధ, ఎందుకైందని పదిమందిలో అడిగితే చెప్పుకోవాలే, అది.

ఈ కాగితం చూడండి. నవంబరులోని పెట్రోలు బిల్లు. నవంబరులో దీని మీద అక్షరాలుండేవి. ఇప్పుడు తెల్లకాగితం. వేడికి నల్లబడే పూత పూసిన కాగితాలు ఇవి, వాటి మీద సిరా అనేదే ఉండదు. ఎండ తగిలినా, చేతి నూనె అంటినా, ఊరికే డ్రాయరులో పడి ఉన్నా రాత వెలిసిపోతుంది. దీపానికి ఎదురుగా పట్టుకొని, అంకెల జాడ దొరుకుతుందేమోనని అటూ ఇటూ వంచి చూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. ఇంటి దగ్గర మట్టికుండలో తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో ఊరుతున్నాయి. మాఘంలో పెట్టిన కసిం అది, పొద్దున చెప్పిన ఇనుప సిరా. ఆ సిరాతో గీసిన గుడ్డలు గుళ్లలో దీపాల పొగ కింద తరాలు వేలాడాయి. పగలంతా మాయమయ్యే రాతతో కుస్తీ, రాత్రి పోనన్నా పోని సిరాతో సహవాసం. దీన్నించి ఏదో తత్వం లాగబోతుంటే పక్కసీటు తమ్ముడు "అక్కా, చలానా జనరేట్ అయింది" అని అరిచి కాపాడాడు.

మధ్యాహ్నం డబ్బా తెరిస్తే చింతచిగురు పప్పు. ఈ కాలంలో మా జిల్లా పల్లెల్లో ఒకవైపు చెట్ల మీద కాయ రాలుస్తుంటారు, ఇంకోవైపు అవే కొమ్మలకు చిగురు వస్తుంటుంది. చింతకాయ కొట్టి, గింజ తీసి, ఉప్పు కలిపి కుండలకెత్తే పని ఇంటింటా నడుస్తుంది. మామ వాళ్లు పంపిన చింతపండు మా వంటింట్లో గోనెసంచిలో ఉంది. ఆ సంచితోపాటు అడిగి తెప్పించుకున్న చింతబరికెలు ఒక కట్ట ఉన్నాయి. వాటిని మూకుట్లో మూసి కాల్చితే బొమ్మకు బొగ్గు తయారవుతుంది. తినే చెట్టూ గీసే చెట్టూ ఒకటే కావడం ఈ కళలో నాకు బాగా నచ్చే సంగతి.

అమ్మ ఫోను.

"ఆరిపోయింది. తీసేదా?"

"ఏ రంగులో ఉండాది?"

"పసుపు మాదిరి. గోధుమపిండి మాదిరి కూడా ఉండాది."

"చీమలు?"

"దులిపేసినా. మడతేసి పెట్టేదా?"

"మడతేయొద్దు! మడత దగ్గర గీత పడతాది. చుట్ట చుట్టి పెట్టు."

ఆఫీసంతా నా వైపు చూసింది. ఆడిటరు గారు కళ్లజోడు మీదుగా చూశారు. ఇరవయ్యో తారీఖున ఇలాంటి ఫోను ఎవరికొచ్చినా అలాగే చూస్తారు.

మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చెప్పుకోవడానికేమీ లేదు. ఒకదాని తర్వాత ఒకటి దాఖలయ్యాయి. వచ్చే పదకొండు రోజుల్లో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. 31న ఇత్తడి అంగట్లో సెమ్మెలూ గంటలూ లెక్కపెట్టి, తూచి, నిల్వ పట్టీ రాయాలి. ఆ మాట తలుచుకోవడం ఈ రోజుకు అనవసరం. ఐదున్నరకు నా ఖాతాలో ఒక్క పేరు మిగిలింది. బట్టల అంగడాయన. రేపు పండగ, అంగట్లో కాలు పెట్టే చోటు లేదు. నాలుగుసార్లు ఫోను మోగింది, ఎత్తలేదు. అన్నీ నింపి ఉన్నాయి, పన్ను కట్టి ఉంది, ఆయన ఫోనుకొచ్చే ఆరంకెల ఓటీపీ ఒక్కటే కావాలి. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకొని బండి తీశాను. ఎందుకు ఆగలేదంటే, మిద్దె మీద ఇంకో గడువు ఉంది.

బండి ఎక్కండి, లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నలు పడేలోపు చెబుతాను. ఎక్కువ కూరగాయల పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస, బెండ, అన్నీ పొద్దుటి సరుకు. ఆఫీసుకు పోయేవాళ్లు లేచి చూసేసరికి తేనెటీగలు ఆ పని చక్కబెట్టేస్తాయి. బీర, సొర అలా కాదు. బీర పొద్దు వాలుతుండగా పసుపుగా విచ్చుకుంటుంది. సొర ఇంకా కాస్త ఆగి, పొద్దు గూకే వేళకు తెల్లగా. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పూలు అవి. అమ్మ చిన్నప్పుడు గడియారం లేని ఇంట్లో, బీరపూలు విచ్చుకున్నాయంటే దీపం పెట్టేవాళ్లట. ఇంత ఎత్తున, ఇన్ని వీధిదీపాల మధ్య, ఆ పురుగులు సరిగా రావు. అందుకని పురుగు పని మనమే చేయాలి, అదీ పూలు తెరిచి ఉన్న ఈ సాయంత్రమే. ఉద్యోగం చేసే మనిషికి ఇంతకంటే అనువైన తీగ లేదని నా అభిప్రాయం. టమాటాకంటే, గులాబీకంటే ముందు, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు బీర పెట్టుకోవాలి.

ఆరుంబావు. చెప్పులు కింద వదిలి పైకి. సూర్యుడు ఊరి పడమటి అంచున ఉన్నాడు. బీరపందిరి నిండా పసుపు. కంగారుపడి అన్నీ కాయలవుతాయనుకోవద్దు. గుత్తులుగా ఉన్నవన్నీ మగపూలు. ఆడపువ్వు ఒంటరిగా ఉంటుంది, పువ్వు వెనక అప్పుడే వేలెడు బీరకాయ తయారై ఉంటుంది. ఇదిగో ఒకటి, అదిగో ఆకు చాటున ఇంకొకటి. మగపువ్వును కాడతో తుంచి, రేకులు వెనక్కి విరిచేస్తే నడిమి పుప్పొడి బయటపడుతుంది. దాన్ని ఆడపువ్వు నడిమి జిగటకు మెల్లగా రాయాలి. మెల్లగా అంటే నిజంగా మెల్లగా. గోరు తగిలితే పిందె రాలుతుంది. ఒక ఆడపువ్వుకు రెండు మగపూలు వాడితే మేలు. పని అయ్యిందో లేదో రెండు రోజుల్లో తెలుస్తుంది. నిలిచిన పిందె బరువుగా కిందికి వంగుతుంది, నిలవనిది పసుపెక్కి రాలిపోతుంది.

సొరపందిరి దగ్గరికి వచ్చేసరికి ఒక మొగ్గ కదులుతోంది. అవును, చూస్తుండగానే. ముడతలు ముడతలుగా చుట్టుకున్న తెల్లటి రేకులు ఒకదాన్నించి ఒకటి విడివడుతున్నాయి. దాని వెనక నూగుతో, బొటనవేలంత సొరపిందె. వేళ్ల నిండా పుప్పొడి. సరిగ్గా ఇప్పుడు ఫోను మోగింది.

"అమ్మా, పొద్దున్నించి చేస్తా ఉండారు, చూసుకోలేదు. చెప్పండి."

"ఓటీపీ అన్నా. ఇప్పుడు పంపిస్తా, వెంటనే చెప్పండి. పది నిమిషాలే ఉంటాది."

"అయ్యో, ఇఫ్తార్ వేళమ్మా. సైరన్ మోగబోతా ఉండాది. ఆఖరి రోజా ఇది."

"ముందు నోట్లో ఖర్జూరం వేసుకోండి అన్నా. నేను ఇక్కడే ఉంటా."

బోర్లించిన బకెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచాను. వైఫై ఇంత దూరం రాదు, ఫోను హాట్‌స్పాటే గతి. అప్పుడు మళ్లీ ఆ ఫోనే మాట్లాడటానికీ కావాలి. అమ్మ తన ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. ఎక్కడో మసీదులో సైరన్, వెంటనే అజాన్. ఆ పువ్వు పూర్తిగా విచ్చుకుంది. మగపువ్వు తుంచి, రేకులు విరిచి, ఆనించాను. అక్కడొకరు ఉపవాసం విడుస్తున్నారు, ఇక్కడొక పువ్వు తెరుచుకుంది, మధ్యలో ఓటీపీ పంపే బటన్ నా కోసం కాచుకొని ఉంది. ముగ్గురం పడమటికి దిగే ఒకే సూర్యుణ్ని చూసుకొని పని చేస్తున్నాం. కాస్త ఎక్కువగా అనిపిస్తే క్షమించండి, ఆ నిమిషాన మిద్దె మీద నిలబడితే మీకూ అలాగే అనిపించేది.

ఆయనే ఫోను చేశాడు. వెనక గ్లాసుల చప్పుడు, పిల్లల గోల. అంకెలు ఒక్కొక్కటే చదివాడు. చూపుడువేలి పుప్పొడి కీబోర్డుకు అంటింది. దాఖలైంది. రసీదు నంబరు వచ్చింది. "రేపు సేమియా పంపిస్తానమ్మా" అన్నాడు. "అంగడి కాడికే వస్తాలే అన్నా" అన్నాను. ల్యాప్‌టాప్ మూసి, మిగిలిన రెండు సొరపూల పని కూడా పూర్తి చేశాను.

భోజనాలయ్యాక హాల్లో నేల మీద చాప. చాప మీద దుప్పటి, దుప్పటి మీద గుడ్డ. అమ్మ టీవీ గొంతు తగ్గించి తన సీరియలు చూస్తోంది. గుడ్డ నిజంగానే ఆమె చెప్పిన రంగులో ఉంది, దగ్గర పెట్టుకుంటే పాలవిరుగుడు వాసన. చింతబొగ్గుతో నమూనా ఇదివరకే కాగితం మీద చూసుకున్నాను. మామూలుగా అందరం రామాయణమో, కల్పవృక్షమో మొదలుపెడతాం. నాదీ చెట్టే, కాకపోతే పందిరి. నడుమ సొరతీగ, ఆకులు, రెండు పూలు, అంచుల నిండా నులితీగలు.

కలం అంటే వెదురు పుల్ల. కొస సన్నగా చెక్కి, దానికి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. కసింలో ముంచితే ఉన్ని సిరాను పీల్చుకుంటుంది. వేళ్లతో కొంచెం నొక్కితే కొసకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు. అసలు నొక్కకపోతే గీత నడుమ తెగుతుంది. ఆ ఒత్తిడి ఎంతో ఎవరూ చెప్పలేరు. పొద్దున గుడ్డ పిండిన వేళ్లు, పువ్వుకు పుప్పొడి రాసిన వేళ్లు, వాటికే ఎప్పుడో ఒకప్పుడు తెలియాలి.

ఇదిగో, గీస్తున్నాను. ముందు గీత పాలిపోయి, బురదనీళ్ల రంగులో కనిపిస్తుంది. ఊపిరి బిగపట్టకండి, చూస్తుండండి. కరక్కాయ వగరు ఇనుమును పట్టుకుంటోంది. బూడిదరంగు. తర్వాత నలుపు. పక్కన రెండో గీత గీసేలోపు మొదటిది చిక్కటి నలుపైపోయింది. ఇక దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. అందుకే నులితీగ దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి ఆగుతుంది. కుడికి తిరిగే చుట్టలు ఎన్ని, ఎక్కడ ఆగాలి, ఆ చిన్న తిన్నని ముక్క ఎంత పొడవు, ఎడమకు ఎప్పుడు తిప్పాలి. పాత గుడ్డల మీద చాలామంది దాన్ని ఒకే దిక్కుగా గుండ్రంగా తిప్పేశారు, అలంకారానికి అది చాలు. నాకు మాత్రం నడుమ ఆ మలుపు కావాలి. మాస్టారు చూసి టీ తాగమంటారో, ఇంకేమన్నా అంటారో.

సీరియలు అయిపోయింది. అమ్మ వచ్చి గుడ్డ మీదికి వంగి చూసింది. "సొరకాయ ఏదీ?" అంది.

"ఇది పూత. కాయ ఇంకా రాలేదు."

"కాయ లేకుండా సొరచెట్టేంది?" అని, ఒక నిమిషం ఆగి, "ఈ తీగ కొసలు మాత్రం బాగుండాయి" అని లోపలికి పోయింది.

నల్లగీతలు రేపటికి అయిపోతాయి. వారం మధ్యలో ఒక రాత్రి, ఎరుపు రావాల్సిన చోట్ల పటిక నీళ్లు పూయాలి. పటిక పట్టుకున్న చోటే తర్వాత మంజిష్ఠలో ఉడికించినప్పుడు ఎరుపు నిలుస్తుంది. కానీ ఆ నడుమ గుడ్డను పారే నీళ్లలో ఉతకాలి. నిలవనీళ్లలో ఉతికితే వదిలిన పటిక పక్కల అంటుకొని, ఎరుపు ఎక్కడబడితే అక్కడ పూస్తుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని నిలదొక్కుకోవడానికి ఏటినీళ్లు ఒక కారణం. ఈ కాలంలో స్వర్ణముఖిలో ఉండేది ఇసుకే. మిద్దె మీద కుళాయి రోజు విడిచి రోజు. అందుకని ఈ వేళప్పుడే, పడుకోకముందే, చంద్రగిరి అవతల ఉండే మామకు ఫోను చేస్తున్నాను. స్పీకరులో పెడతాను, వినండి.

"మామా, వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం మోటరుకు కరెంటు ఎప్పుడిస్తారు?"

"పగలే ఇస్తా ఉండారులే. ఎందుకు, మడి కడతావా?"

"గుడ్డ ఉతుక్కోవాల మామా. పైపు కింద, పారే నీళ్లలో."

"గుడ్డలుతకడానికి తిరప్తి నుంచి వస్తావా?"

"ఒకటే గుడ్డ."

అవతల నవ్వు. అత్తకు చెబుతున్నట్టుంది, ఆమె నవ్వు కూడా కలిసింది. "రా, రా. నీళ్లెన్ని కావాల్నో అన్ని పోసుకో. ఆ సొరవిత్తనాలు నాలుగు తీసుకొనిరా. ఇంకోటి, మావోడు ట్రాక్టరు బాడుగలకని ఏదో జీఎస్టీ నంబరు తీసుకున్యాడు, దానికి ఏదో కాయితం వచ్చింది. ఎట్లా వస్తా ఉండావు కదా, అది ఒకతూరి చూడు."

"ఆ కాయితం ఫొటో తీసి ఇప్పుడే పంపించు మామా. గడువు ఎప్పటికుందో చూసి చెబుతా. మిగిలింది గుడ్డ ఆరేలోపు చూసుకుందాం."